సుఖాన్ని లెక్కగట్టే ఇంట్లో పెరిగినవాడు: జాన్ స్టువర్ట్ మిల్

మూడేళ్ళ వయసులో మనం పలక మీద అ, ఆలు దిద్ది ఉంటాం. జాన్ స్టువర్ట్ మిల్ ఆ వయసులో గ్రీకు భాష మొదలుపెట్టాడు. ఎనిమిదో ఏట లాటిన్, పన్నెండుకి తర్కం, పదమూడుకి అర్థశాస్త్రం. బడి లేదు, ఈడు పిల్లలతో ఆటలు లేవు. పాఠం చెప్పేదీ, అప్పజెప్పించుకునేదీ తండ్రే.

1806 మే 20న లండన్‌లో పుట్టాడు మిల్. తండ్రి జేమ్స్ మిల్, మన దేశంలో అడుగు పెట్టకుండానే బ్రిటిష్ ఇండియా చరిత్ర రాసిన మనిషి. తండ్రికి గురువూ స్నేహితుడూ జెరెమీ బెంథామ్. ఒక చట్టం మంచిదా చెడ్డదా అని తేల్చడానికి అది ఎక్కువమందికి ఎక్కువ సుఖం ఇస్తుందా అని చూస్తే చాలన్నాడు బెంథామ్. సుఖం ఎంత గాఢంగా ఉంది, ఎంతసేపు ఉంటుంది, ఎంతమందికి అందుతుంది అని లెక్కవేయొచ్చట. మన భాషలో చెప్పాలంటే అదొక ఆప్టిమైజేషన్ ప్రాబ్లమ్. నవ్వుకోకండి. ప్రభువు సుఖానికీ కూలివాడి సుఖానికీ ఒకే తూకం అనడం ఆ రోజుల్లో పెద్ద తిరుగుబాటే.

ఈ సిద్ధాంతాన్ని లోకంలో నిలబెట్టడానికే కొడుకుని తయారుచేశాడు తండ్రి. పదిహేడో ఏట, 1823లో, తాను పనిచేసే ఈస్టిండియా కంపెనీ లండన్ ఆఫీసులోనే ఉద్యోగం కూడా వేయించాడు. ఇప్పటి లెక్కలో, లైఫ్ సెటిల్.

1826లో, ఇరవై ఏళ్ళకి, మిల్ తనను తాను ఒక ప్రశ్న వేసుకున్నాడు. నేను కోరుకునే మార్పులన్నీ ఈ క్షణమే జరిగిపోతే నాకు సంతోషంగా ఉంటుందా? లేదు అని లోపల్నుంచి జవాబొచ్చింది. ఆ తర్వాత నెలల తరబడి చీకటి. ఆఫీసుకి వెళ్ళేవాడు, రాసేవాడు, అంతా అలవాటు మీద నడిచింది. తండ్రికి చెప్పుకోలేకపోయాడు. అది తన పెంపకం ఓడిపోయిందని ఆయనకి చెప్పడమే అవుతుంది మరి.

ఒకరోజు మార్మొంటెల్ అనే ఫ్రెంచి రచయిత స్వీయచరిత్ర చదువుతున్నాడు. తండ్రి పోయాక ఇంటిల్లిపాదికీ తానే దిక్కవుతానని ఒక పిల్లవాడు నిశ్చయించుకునే ఘట్టం వచ్చింది. మిల్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తనలో ఇంకా తడి ఉందని అప్పుడు తెలిసింది. 1828లో వర్డ్స్‌వర్త్ కవిత్వం ఆ తడిని నిలబెట్టింది.

సుఖమే జీవితానికి గమ్యం అన్న మాటని అతను వదల్లేదు. కానీ నేరుగా దాని వెంటపడితే దొరకదని తెలుసుకున్నాడు. ఇతరుల మేలో, ఒక కళో, ఒక పనో, దానికోసమే దాన్ని పట్టుకుంటే సుఖం దారిలో కలుస్తుంది. 1861లో వెలువరించిన యుటిలిటేరియనిజంలో బెంథామ్ లెక్కనీ సరిదిద్దాడు. సుఖాల్లో పరిమాణమే కాదు, స్థాయి కూడా ఉంటుందన్నాడు. 1859 నాటి ఆన్ లిబర్టీలో, ఇతరులకి హాని చేయనంతవరకు ఎవరి బతుకుదారి వాళ్ళే ఎంచుకోవాలన్నాడు. తన దారిని పుట్టకముందే గీసిపెట్టిన ఇంట్లోంచి వచ్చినవాడికి ఆ మాట బరువు తెలుసు.

ఆచరణలోనూ పెట్టాడు. 1851లో హారియెట్ టేలర్‌ని పెళ్ళాడేముందు, భార్య మీద చట్టం భర్తకిచ్చే అధికారాలు తనకి వద్దని కాగితం రాశాడు. 1867లో పార్లమెంటు సభ్యుడిగా ఆడవాళ్ళకి ఓటు కావాలని సవరణ తెచ్చాడు. 73 మంది అవునన్నారు, 196 మంది కాదన్నారు. ఓడిపోయాడు.

ఇక మన సంగతి. కంపెనీలో 35 ఏళ్ళు పనిచేసి, భారతదేశానికి వెళ్ళే ఉత్తరాల ముసాయిదాలు రాసిన ఈ మనిషే, స్వేచ్ఛ సూత్రం వెనకబడిన జాతులకి వర్తించదన్నాడు. కంపెనీ పాలన రద్దవుతుంటే దాని తరఫున వినతిపత్రం కూడా రాశాడు. తండ్రి తన బతుకుని తన బదులు ఎంచితే ఊపిరాడనివాడికి, ఒక దేశం బదులు ఇంకో దేశం ఎంచడం తప్పనిపించలేదు.

1873 మే 7న ఫ్రాన్సులోని అవిన్యోఁలో పోయాడు. పదిహేనేళ్ళ ముందు అక్కడే చనిపోయిన హారియెట్ పక్కనే సమాధి చేశారు. అతని జవాబుల్లో కొన్ని మనం ఒప్పుకోలేం. ఇరవై ఏళ్ళకి వేసుకున్న ఆ ప్రశ్న మాత్రం ప్లేస్‌మెంట్ సీజన్‌కి ముందే ఒకసారి మనమూ వేసుకోవాలి.