బియాట్రిక్స్ పాటర్ చరిత్రము

నీలిచొక్కా తొడిగిన పీటర్ అను కుందేలుపిల్లను లోకమునకిచ్చిన బియాట్రిక్స్ పాటర్ 1866వ సంవత్సరము జూలై 28వ తేదీన లండను నగరమున ధనిక కుటుంబమున జన్మించెను. ఆమెను పాఠశాలకు పంపలేదు. ఉపాధ్యాయినులే యింటికి వచ్చి చదువు చెప్పిరి. తోడి బాలికల స్నేహము లేని ఆ యింటిలో ఆమెయు తమ్ముడును కుందేళ్లను, ఎలుకలను, కప్పలను, గబ్బిలములను పెంచిరి. చచ్చిన జంతువులను ఉడికించి, ఎముకలను వేఱుచేసి పరిశీలించుచుండిరి. మన బాలికలకు ఇది రోతగా తోచవచ్చును గాని, ఆమె గీసిన కుందేలు చొక్కా తొడిగినను నిజమైన కుందేలుగనే కనబడుటకు ఈ పరిశ్రమయే కారణము.

పుట్టగొడుగుల బీజములు మొలకెత్తు విధమును గూర్చి ఆమె వ్రాసిన వ్యాసము 1897లో లండనులోని లినేయన్ సంఘమునకు సమర్పింపబడెను. ఆ సభలో స్త్రీలకు ప్రవేశము లేనందున వ్రాసినయామె మాత్రము ఇంటనే యుండవలసివచ్చెను.

అంతకు నాలుగేండ్లు ముందు, తన పూర్వపు ఉపాధ్యాయిని కుమారుడు నోయెల్ అను అయిదేండ్ల బాలుడు జబ్బుపడెను. స్కాట్లండులో నున్న పాటర్, వ్రాయుటకు వేఱు వార్తలు లేక, 1893 సెప్టెంబరు 4వ తేదీన ఒక కథను బొమ్మలతో కూర్చి జాబుగా వ్రాసెను. తల్లి వద్దన్న తోటలోనికి పీటర్ దూరి, కడుపార కూరలు తిని, తోటయజమాని కంటబడి, పరుగులో జోళ్లును చొక్కాయును పోగొట్టుకొని, ప్రాణములతో ఎట్లో యిల్లు చేరుటయే ఆ కథ. దాని తండ్రి ఆ తోటలోనే పట్టుబడి వంటకమై పోయెను! కథ చిన్నదే గాని అపాయము చిన్నది కాదు. పిల్లలు ఊపిరి బిగబట్టి వినుట అందువలననే.

బాలుడు జాబును భద్రపఱచెను. కొన్నియేండ్లకు ఆమె దానిని అతనియొద్ద ఎరవు తీసికొని, పెంచి పుస్తకముగా చేసెను. ప్రకటనకర్తలు పెక్కండ్రు నిరాకరించిరి. పసిచేతులలో ఇముడునంత చిన్నదిగను, స్వల్పమైన వెలకును పుస్తకముండవలెనని ఆమె పట్టు. పట్టు విడువక 1901 డిసెంబరులో సొంత సొమ్ముతో 250 ప్రతులు అచ్చు వేయించెను. 1902 అక్టోబరులో ఫ్రెడరిక్ వార్న్ కంపెనీవారు దానిని రంగుల బొమ్మలతో ప్రకటించిరి. మొదటి 8,000 ప్రతులు వెలువడకమునుపే అమ్ముడుపోయెను.

ఆ కంపెనీలోని నార్మన్ వార్న్ 1905లో ఆమెను వివాహమాడ గోరెను. అతడు వ్యాపారస్థుడని ఆమె తలిదండ్రులు సమ్మతింపలేదు. తమ తండ్రులు నూలు వర్తకమున గడించిన ధనముతోనే తాము జీవించుచున్న సంగతి వారు మఱచిరి కాబోలు! ఆమె ఒప్పుకొనెను, కాని నెల దినములకే, ఆగస్టు 25వ తేదీన, అతడు జబ్బుచే చనిపోయెను. ఆ యేడే ఆమె పుస్తకముల ధనముతో ఉత్తర ఇంగ్లండులోని సారే గ్రామమున హిల్ టాప్ అను పొలమును కొని, దుఃఖమును పనిలో దాచుకొనెను. తరువాతి పుస్తకములు పెక్కింటిలో కనబడు గడపలు, దారులు, తోటలు ఆ యూరివే. 1913లో విలియం హీలిస్ అను న్యాయవాదిని పెండ్లాడి, గొఱ్ఱెల పెంపకమున మునిగెను. 1929లో వ్రాసిన ఫెయిరీ కారవాన్ అను గ్రంథమున, మందు ప్రభావమున వెండ్రుకలు ఆగక పెరిగిన ఒక గినీపంది ఇల్లు విడిచి, మనుష్యుల కంటబడని మాయా సర్కసుతో దేశము తిరుగును.

1943 డిసెంబరు 22వ తేదీన ఆమె మరణించెను. 4,000 ఎకరములకు మించిన భూమిని మరణశాసనమున నేషనల్ ట్రస్టునకు వ్రాసియిచ్చెను. ఆమె చితాభస్మమును ఆమె గొఱ్ఱెలకాపరి హిల్ టాప్ సమీపమున చల్లెను.