ఓరుగల్లు ఏలిన రుద్రమదేవి

రుద్రమదేవి పేరు వినని తెలుగువారు ఉండరు. అయితే ఆ మహారాణి ఏ సంవత్సరంలో కన్నుమూసిందో చాలాకాలం చరిత్రకారులకే సరిగా తెలియలేదు. సర్వీసంతా రికార్డుల మధ్య గడిపిన గుమస్తాను గనుక ఆ సంగతి నన్ను బాగా ఆకర్షించింది. మన పెన్షనరు మిత్రులకూ, వారి కుటుంబ సభ్యులకూ నాలుగు మాటలు మనవి చేస్తున్నాను.

కాకతీయుల తొలి రాజధాని హనుమకొండ. అక్కడ 1163లో రుద్రదేవుడు వేయిస్తంభాల గుడి కట్టించాడు. తరువాత రాజధాని పక్కనే ఉన్న ఓరుగల్లుకు మారింది. ఆ నగరానికి నడిబొడ్డు రాజసౌధం కాదు, స్వయంభూదేవుని ఆలయం. దాని నాలుగు దిక్కులా నాలుగు రాతి తోరణాలు, చుట్టూ కోటలు.

గణపతిదేవ చక్రవర్తికి కుమారులు లేరు. అందువల్ల కుమార్తె రుద్రమను రాజ్యభారానికి సిద్ధం చేశాడు. శాసనాలలో ఆమె రుద్రదేవ మహారాజుగా కనిపిస్తుంది. నిడదవోలు చాళుక్య వీరభద్రుని వివాహమాడింది. స్త్రీ పాలన నచ్చని సామంతులను అణచింది. దండెత్తి వచ్చిన దేవగిరి యాదవ మహాదేవుని తిప్పికొట్టింది. తండ్రి ప్రారంభించిన రాతికోటను పూర్తి చేయించింది.

యుద్ధాలు అలా ఉంచి, 1261 నాటి మల్కాపురం శాసనం చూడండి. తండ్రి వాగ్దానం చేసిన మందడం గ్రామాన్ని, దానితోపాటు వెలగపూడిని, ఆమె విశ్వేశ్వర శంభు అనే శైవగురువుకు ధారపోసింది. ఆ ఆదాయంతో మఠం, పాఠశాల, అన్నసత్రం, ఆరోగ్యశాల, ప్రసూతిశాల నడిచాయి. ఏడున్నర శతాబ్దాల క్రితమే ప్రసూతిశాల! 2016 నుంచి ఆంధ్రప్రదేశ్ సచివాలయం పనిచేస్తున్నది ఆ వెలగపూడిలోనే.

వెనీసు యాత్రికుడు మార్కోపోలో ఆమె న్యాయపాలనను మెచ్చుకున్నాడు. కాని ఆమెను గత రాజుకు కూతురుగా గాక, భార్యగా పొరబడ్డాడు.

చివరిదశలో కాయస్థ అంబదేవుడు తిరగబడ్డాడు. పూర్వపు పుస్తకాలు ఆమె పాలన 1295 దాకా సాగిందని వ్రాశాయి. నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరికిన ఒక శాసనం ఆ లెక్కను సవరించింది. పువ్వుల ముమ్మడి అనే సేవకుడు, రుద్రమదేవికీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకునికీ శివలోకప్రాప్తి కలగాలని సోమనాథదేవునికి భూమి ఇచ్చాడు. తేదీ 1289 నవంబరు 27. అంబదేవునితో జరిగిన పోరులోనే ఇద్దరూ మరణించి ఉంటారని చరిత్రకారుల భావన.

మనుమడు ప్రతాపరుద్రుడు రాజైనాడు. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సైన్యాల వశమైంది. స్వయంభూ ఆలయం శిథిలమైంది, తోరణాలు మాత్రం నిలిచాయి.

మహారాణి మరణాన్ని ఆస్థాన గ్రంథాలేవీ తేదీతో మనకు అందించలేదు. యజమానుల మీది విశ్వాసంతో ఒక చిరుద్యోగి చేయించిన ఎంట్రీ చరిత్రకు ఆధారమైంది. ఓరుగల్లు కోట చూడబోయే మిత్రులు వీలైతే చందుపట్లకూ వెళ్లి, ఆ రాతికి ఒక నమస్కారం పెట్టి రావలసిందిగా కోరుతున్నాను.