ఆగిన చదువుకు అండ: ఆంధ్ర మహిళా సభకు అభినందనలు

1937లో మద్రాసులో పుట్టిన ఆంధ్ర మహిళా సభ తొంభై ఏళ్లకు చేరువైంది. వార్షికోత్సవం అనగానే సభ నడిపే ఆస్పత్రులు, కళాశాలలే అందరికీ గుర్తొస్తాయి. నాకు మాత్రం పెళ్లయి, పిల్లలు పుట్టాక పుస్తకం పట్టిన ఆడవాళ్లు గుర్తొస్తారు. సభ చేసిన అసలు గొప్ప పని వాళ్లతోనే.

సభను స్థాపించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్‌కు ఆలస్యంగా చదువు అందుకునే కష్టం ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లి వచ్చి, ఇరవై దాటాక ప్రైవేటుగా కూర్చుని బనారస్ మెట్రిక్ పాసయ్యారు. ఆ తర్వాత బీఏ, లా. తను నడిచిన దారినే మైలాపూరులో మరికొందరు అమ్మాయిలకూ చూపించారు. వాళ్లను అదే మెట్రిక్ పరీక్షకు తయారుచేశారు.

1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యాక ఆ అనుభవమే దేశానికి పనికొచ్చింది. పల్లెలకు టీచరమ్మలు, నర్సులు, గ్రామసేవికలు కావాలి. చదువుకున్న ఆడవాళ్లేమో దొరకరు. బడి మానేసిన పెద్దవాళ్లనే రెండేళ్లలో పరీక్షకు సిద్ధం చేస్తే? 1958లో మండలి మొదలుపెట్టిన కండెన్స్‌డ్ (కుదించిన) కోర్సుల వెనక ఉన్న ఆలోచన ఇదే. ముప్పై ఏళ్ల మనిషిని మళ్లీ ఒకటో తరగతి బెంచీమీద కూర్చోబెట్టకపోవడంలోనే దాని తెలివి ఉంది. చదువు చివర జీతం కనిపిస్తే అత్తగారు కూడా అడ్డు చెప్పదు మరి! హైదరాబాదులో సభ నెలకొల్పిన లిటరసీ హౌస్ వయోజన విద్యకు ఒక చిరునామా ఇచ్చింది.

వేలిముద్ర పోయి సంతకం వస్తే పనైపోయిందని లెక్క రాసుకున్న పథకాలు మనకు కొత్త కాదు. సంతకం పెట్టడం వచ్చి ప్రోనోటు చదవడం రాకపోతే ఆ మనిషికి ప్రమాదమే ఎక్కువ. చదువు సంతకం దగ్గర ఆగకపోతే ఏమవుతుందో కూడా చూశాం: నెల్లూరు జిల్లాలో రాత్రిబడి పాఠం చర్చగా మారబట్టే 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మీదికి నడిచారు. ఆ ఉద్యమం పాకి, 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా ఆగింది.

2011 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీల అక్షరాస్యత 59 శాతం దగ్గరే ఉంది. కాబట్టి సభ పనికి ఇంకా విరామం లేదు. పగలంతా ఇంటిపని చేసి, సాయంత్రం కళ్లజోడు సవరించుకుని కూర్చున్న విద్యార్థినులకూ, వాళ్లకు ఓపికగా దిద్దించిన టీచరమ్మలకూ మనసారా అభినందనలు.

పాఠకులకు ఒక మాట. మీకు తెలిసిన ఏ అక్క చదువైనా మధ్యలో ఆగిపోయి ఉంటే, ఓపెన్ స్కూల్ పదో తరగతి దరఖాస్తు తెచ్చివ్వండి, పక్కన కూర్చుని నింపించండి.