జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్

జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ (1793 జూలై 10 - 1873 నవంబరు 7) అమెరికా లూథరన్లు విదేశములకు పంపిన మొదటి మిషనరీ. 1842లో గుంటూరు లూథరన్ మిషన్‌కు పునాది వేశాడు. ప్రొటెస్టంటు బోధకులను ఫాదర్ అని పిలుచుట వాడుక కాకపోయినను, ఈయన మాత్రము ఫాదర్ హయ్యర్‌గానే ప్రసిద్ధుడు.

== జననము, వంశము ==

అమెరికా మిషనరీ అనిపించుకున్న ఈయన పుట్టినది జర్మనీలోని హెల్మ్‌స్టెడ్ పట్టణములో. తండ్రి బొచ్చుతోళ్ళ పనివాడు. నెపోలియన్ యుద్ధముల కాలములో, 1807లో, తల్లిదండ్రులు ఈ బాలుని ఫిలడెల్ఫియాలోని మేనమామ వద్దకు పంపించారు. మేనమామది కూడా తోళ్ళు, టోపీల పనియే.

వంశవివరములు వెదకేవారికి ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. జర్మన్ వాడుకలో ఈయన యోహాన్ క్రిస్టియన్ ఫ్రీడ్రిష్. అమెరికాలో జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్. తెలుగు పుస్తకాలలో హేయర్ అనియు, హయ్యర్ అనియు కనిపించును. ఇవన్నీ ఒక్కరి పేర్లే. భార్య విషయములోనూ ఇంతే. 1819లో ఈయన వివాహమాడిన మేరీ అప్పటికే పిల్లలు గల వితంతువు. ఆమె పేరుతో వెబ్, గాష్, హయ్యర్ అను ఇంటిపేర్లు కనిపించును. మూడు ఇంటిపేర్లూ తెలియనిదే ఆమెను గుర్తించుట కష్టము.

== అమెరికాలో సేవ ==

హయ్యర్ ఫిలడెల్ఫియాలో వేదాంతము చదివి, 1815లో జర్మనీ వెళ్ళి గోటింగెన్ విశ్వవిద్యాలయములో కొంతకాలము అభ్యసించాడు. 1820లో గురుపట్టము పొందాడు. పెన్సిల్వేనియా, మేరీలాండ్, పశ్చిమాన ఇండియానా, కెంటకీ ప్రాంతాలలో చెదరియున్న జర్మన్ కుటుంబాల మధ్య తిరిగి సంఘములు కట్టాడు. 1839 జనవరిలో భార్య మరణించినది.

== గుంటూరు, పల్నాడు ==

భారతదేశానికి వెళ్ళమని లూథరన్ మిషనరీ సంఘము ఈయనను ఎంపిక చేసినది. కాని ఇతర శాఖకు చెందిన అమెరికన్ బోర్డు క్రింద పనిచేయవలెనన్న ఏర్పాటును అంగీకరింపక రాజీనామా ఇచ్చాడు. ఇది చిన్న నిర్ణయము కాదు. పంపువారు లేక ప్రయాణమే ఆగిపోవచ్చును. చివరకు పెన్సిల్వేనియా లూథరన్ సినడ్ పంపగా, 1841 అక్టోబరులో బోస్టన్‌లో ఓడ ఎక్కి, సింహళము, మద్రాసుల మీదుగా 1842 జూలై 31న గుంటూరు చేరాడు. అప్పటికి వయస్సు 49. అక్కడి కలెక్టరు హెన్రీ స్టోక్స్ ఆదరించాడు. హయ్యర్ వెంటనే పాఠశాలలు ప్రారంభించాడు. 1844లో వాల్టర్ గన్ సహాయకుడుగా వచ్చాడు. ఆయన 1851లో గుంటూరులోనే మరణించాడు.

1846లో అమెరికాకు తిరిగి వెళ్ళిన హయ్యర్ బాల్టిమోర్‌లో వైద్యము చదివి, 1847లో పట్టా పుచ్చుకొన్నాడు. మన విద్యార్థులు గమనింపదగిన విషయము: అప్పటికి ఆయనకు 54 సంవత్సరములు. 1848లో మరల వచ్చి, 1849లో పల్నాటి గురజాలకు నివాసము మార్చి 1857 వరకు ఈ దేశములో ఉన్నాడు. గురజాల నేడు పల్నాడు జిల్లాలోనిది.

== మూడవ రాక, మరణము ==

1857 తరువాత మిన్నెసోటా ప్రాంతములో పనిచేసి, 1860లో ఏర్పడిన మిన్నెసోటా సినడ్‌కు మొదటి అధ్యక్షుడైనాడు. ఇంతలో అమెరికా లూథరన్లలో చీలిక వచ్చినది. సిబ్బంది లేని రాజమండ్రి మిషన్ ఆంగ్లికన్ల చేతికి పోవునని తెలియగా, 76 ఏళ్ళ హయ్యర్ తానే వెళ్తానని ముందుకు వచ్చాడు. 1869 చివర రాజమండ్రి చేరి, తరువాత వచ్చిన హెచ్.సి.ష్మిట్‌కు పని అప్పగించి, 1871లో తిరిగి వెళ్ళాడు. ఆ మిషన్ లూథరన్లకు నిలిచినది.

ఫిలడెల్ఫియా సెమినరీలో విద్యార్థులకు చాప్లెయిన్‌గా ఉంటూ 80వ ఏట మరణించాడు. భారతదేశములో మూడు పర్యాయములు గడిపిన ఈయన సమాధి ఇక్కడ లేదు. పెన్సిల్వేనియాలోని సోమర్‌సెట్ సమీపాన ఫ్రీడెన్స్ గ్రామములో, 34 ఏళ్ళ క్రితము పోయిన భార్య మేరీ ప్రక్కనే ఉన్నది.