రెండు ఇంజన్ల కారు, ఒక్క సెంటు రాయల్టీ

రెవెల్ కంపెనీ వాళ్ళ మిస్టీరియన్ కిట్ డబ్బా తెరిస్తే ముందు ప్యాకింగ్‌లో ఏదో పొరపాటు జరిగిందనిపిస్తుంది. కారు ఒకటే, ఇంజన్లు మాత్రం రెండు. పక్కపక్కనే పెట్టాలి. హెడ్‌లైట్ ఒక్కటే, అదీ ఓ పక్కకి చెయ్యి చాపినట్టు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. పైన టాప్ బదులు గాజు బుడగ లాంటి ప్లాస్టిక్ మూత. స్కేలు 1/25, అంటే అసలు కారులో 25 అంగుళాలు ఇక్కడ ఒక్క అంగుళం. పిల్లల కోసం ఎవరో సరదాగా గీసిన బొమ్మ అనుకుంటాం. కానీ 1963లో కాలిఫోర్నియాలో ఈ కారు నిజంగానే ఉండేది. కట్టినవాడు ఇంజనీరింగ్‌లో చేరి మధ్యలో మానేసిన మనిషి. పేరు ఎడ్ రాత్.

కొందరు రోత్ అని కూడా రాస్తారు. తెలుగులో అలా రాస్తే వేరే అర్థం తోస్తుంది కాబట్టి నేను రాత్ అనే రాస్తున్నా. అయితే ఆయన గీసిన ఎలుక బొమ్మని చూసిన ఆ కాలపు అమెరికన్ అమ్మలకి తెలుగు వచ్చి ఉంటే, మొదటి స్పెల్లింగే ఖాయం చేసేవాళ్ళేమో.

పుట్టింది 1932 మార్చి 4న, బెవర్లీ హిల్స్‌లో. ఆ పేరు విని బంగళాలూ సినిమావాళ్ళూ అనుకోకండి. పెరిగింది లాస్ ఏంజెలెస్ పక్కనున్న బెల్ అనే మామూలు ఊళ్ళో. జర్మనీ నుంచి వలస వచ్చిన కుటుంబం. తండ్రిది కర్రపని. స్కూల్లో ఈ అబ్బాయికి ఇష్టమైనవి రెండే: బొమ్మలు గీయడం, కార్లు విప్పడం. 1949లో హైస్కూలు అయ్యాక ఈస్ట్ లాస్ ఏంజెలెస్ కాలేజీలో ఇంజనీరింగ్‌లో చేరాడు. కార్లు ఇంకా బాగా కట్టడం నేర్పుతారని ఆశ. అక్కడ ఫిజిక్స్ చెప్పారు, లెక్కలు చెప్పారు, కారు ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు. మానేశాడు. మన బ్రాంచిలో ఫస్టియర్ చదివినవాళ్ళెవరికీ ఈ భాగం వివరించక్కర్లేదు.

1951లో వైమానిక దళంలో చేరి, కొంతకాలం మొరాకోలో పనిచేసి, 1955లో బయటికొచ్చాడు. పెళ్ళయింది, అయిదుగురు మగపిల్లలు. సియర్స్ అనే పెద్ద దుకాణంలో సామాన్లు అందంగా అమర్చి పెట్టే విభాగంలో ఉద్యోగం. ఆ జీతం చాలక సాయంత్రాలు కార్ల మీద సన్నటి గీతల పెయింటింగ్ మొదలుపెట్టాడు. పిన్‌స్ట్రైపింగ్ అంటారు దాన్ని. పొడవాటి వెంట్రుకల బ్రష్‌తో, చెయ్యి వణక్కుండా, ఒక్క లాగుడులో గీత పూర్తవ్వాలి. మన లారీల వెనక రాతలు రాసే పెయింటర్లని చూసినవాళ్ళకి ఆ చేతివాటం ఏమిటో తెలుసు.

హాట్ రాడ్ అనే మాట తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. 1920లు, 30ల నాటి పాత ఫోర్డ్ కార్లు అమెరికాలో సెకండ్ హ్యాండ్‌లో కారుచౌకగా దొరికేవి. కుర్రాళ్ళు వాటిని కొని మడ్‌గార్డులు పీకేసి, టాప్ కోసి కిందికి దించి, పెద్ద వీ-8 ఇంజన్ ఎక్కించి, కాలిఫోర్నియాలో ఎండిపోయిన చెరువుల నేలమీద పందేలు వేసుకునేవాళ్ళు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులతో ఈ పిచ్చి బాగా ముదిరింది. అయితే ఎంత కోసినా, ఎంత అతికినా, అడుగున ఉన్నది ఫోర్డ్ వాళ్ళు నొక్కి పంపిన రేకే. ఆకారం చాలావరకు కంపెనీ ఇచ్చినట్టే ఉండేది.

రాత్ ఆ రేకుని పక్కన పెట్టేశాడు. ఫైబర్‌గ్లాస్ అప్పటికి కొత్త పదార్థమేమీ కాదు. పడవలకి వాడుతున్నారు, 1953 నుంచి షెవర్లే కార్వెట్‌కీ వాడుతున్నారు. కానీ కార్వెట్ వెనక ఒక ఫ్యాక్టరీ ఉంది. రాత్ వెనక ఉన్నది ఒక గ్యారేజీ. ప్లాస్టర్‌తో తనకి నచ్చిన ఆకారం చెక్కుకున్నాడు, దాని ఆధారంగా గాజు నార, రెజిన్ పొరలు పొరలుగా వేశాడు, గట్టిపడ్డాక ప్లాస్టర్ పగలగొట్టి పారేశాడు. డ్రాయింగులు లేవు, డై లేదు, ప్రెస్ లేదు. మన కాలేజీ గో-కార్ట్ టీమ్‌లో ఉన్నవాళ్ళకి ఆ నార ఒంటికంటితే రాత్రంతా ఎలా దురద పెడుతుందో తెలుసు. ఆ దురదతో 1959కల్లా అవుట్‌లా అనే కారు తయారైంది. కాడిలాక్ ఇంజన్, బయటికి కనిపించే క్రోమ్, పక్క నుంచి చూస్తే రథంలాంటి తొట్టి.

తర్వాతది బీట్‌నిక్ బాండిట్. దీనికి స్టీరింగ్ చక్రం లేదు. మధ్యలో నిలబెట్టిన ఒకే ఒక్క కర్రతో తిప్పడం, వేగం పెంచడం, ఆపడం అన్నీ. తలుపుల్లేవు, పైన పారదర్శకమైన బుడగ ఎత్తుకుని లోపలికి దిగాలి. ఎండలో ఆ బుడగ కింద కూర్చుంటే మనిషి ఇడ్లీలా ఉడుకుతాడని నా అనుమానం. రోజూ నడపడానికి కట్టింది కాదులెండి. కార్ షోలలో నిలబెట్టి చూపించడానికి కట్టింది.

షోలకి వెళ్ళేది చూపించుకోడానికే కాదు, సంపాదించడానికి కూడా. స్టాల్ పెట్టి, ఎయిర్‌బ్రష్‌తో అక్కడికక్కడే బనియన్ల మీద వికారపు బొమ్మలు వేసి అమ్మేవాడు. వాటిలోంచి వచ్చిందే రాట్ ఫింక్. గుడ్లు మిటకరించి, పళ్ళు ఇకిలించి, ఎర్ర ఓవరాల్ వేసుకున్న ఆకుపచ్చ ఎలుక. మిక్కీ మౌస్ మీద విసుగెత్తిన పిల్లలకి అది తెగ నచ్చింది.

కాలిఫోర్నియాలోనే వెనిస్‌లో ఉన్న రెవెల్ కంపెనీ అది గమనించింది. విమానాలు, ఓడల ప్లాస్టిక్ కిట్లు చేసే సంస్థ. 1960ల మొదట్లో రాత్ కార్లనీ, ఎలుకనీ కిట్లుగా దించింది. బిగ్ డాడీ అనే బిరుదు కూడా రెవెల్ ప్రచార విభాగం తగిలించిందే. ఒప్పందం ఏంటంటే, అమ్ముడైన ఒక్కో కిట్‌కి రాత్‌కి ఒక్క సెంటు. మన లెక్కలో డాలర్‌ని రూపాయి అనుకుంటే పైసా. వినగానే మోసం అనిపిస్తుంది. కానీ 1963లో ఒక్క ఏడాదికే ఆ సెంట్లన్నీ కలిసి 32,000 డాలర్లయ్యాయని చెబుతారు. వెనక్కి లెక్కేస్తే 32 లక్షల డబ్బాలు. ఏ కారునైనా ఒక్కటే కట్టిన మనిషికి లక్షల కార్లు బయట తిరుగుతున్నట్టు!

నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చేది ఆ డబ్బాల తర్వాతి భాగం. కిట్ కొన్న పిల్లాడు ఇన్‌స్ట్రక్షన్ షీట్ ప్రకారమే కట్టాలని లేదు. ఏఎంటీ అనే ఇంకో కంపెనీ 1958 నుంచే ఒకే డబ్బాలో మూడు రకాలుగా కట్టుకునేలా భాగాలు పెట్టేది. మిగిలిన భాగాలు ఇంకో కిట్‌లోకి, ఆ కిట్ ఇంజన్ ఈ కిట్‌లోకి. అసలు హాట్ రాడ్ వాళ్ళు పాత ఇనప సామాన్ల కొట్టులో చేసే పనే ఇది, కాకపోతే టేబుల్ మీద. టాప్ రంపంతో కోసి, మధ్యలో ముక్క తీసేసి, మళ్ళీ అతికి, పుట్టీ పెట్టి, ఉప్పుకాగితంతో తడిపి రుద్ది, ప్రైమర్ కొట్టి, గీతలు కనిపిస్తే మళ్ళీ రుద్దడం. నాలుగేళ్ళుగా నేను చేస్తున్నదీ అదే. మా రూమ్‌మేట్‌కి థిన్నర్ వాసనంటే పడదు, అందుకని పెయింటింగ్ పని మేడ మీద.

రంగు దగ్గర ఒక తమాషా ఉంది. ఆ కాలపు హాట్ రాడ్లకి క్యాండీ రంగు వేసేవాళ్ళు. కింద వెండి లేదా బంగారు రంగు, దాని మీద పారదర్శకమైన ఎరుపో పచ్చో పలచగా పొరలు పొరలుగా. వెలుగు లోపలిదాకా వెళ్ళి తిరిగొస్తుంది, చప్పరిస్తున్న బిళ్ళలా మెరుస్తుంది. ఇంకొందరు రంగులో లోహపు తళుకు రేకులు కలిపేవాళ్ళు. అదే తళుకు తెచ్చి మోడల్ మీద కొడితే కుదరదు. అర మిల్లీమీటరు రేకు 1/25 స్కేలులో పన్నెండున్నర మిల్లీమీటర్లకి సమానం. అసలు కారు మీద చొక్కా గుండీలు అతికించినట్టు ఉంటుంది. అందుకే మోడల్‌కి బాగా మెత్తని పొడి ఉన్న రంగు వెతుక్కోవాలి. ఫ్యాన్సీ షాపులో దొరికే వెండిరంగు నెయిల్ పాలిష్ నాకు భేషుగ్గా పనికొచ్చింది. షాపులో నాలుగు సీసాలు ఒకేసారి కొంటే వాళ్ళు చూసే చూపు వేరే సంగతి.

ఇక మిస్టీరియన్. రెండు పెద్ద ఫోర్డ్ వీ-8లు, ఒక్కోటి దాదాపు 300 కిలోలు. రెండూ ముందు భాగంలోనే. ట్రైలర్ మీద ఊరూరా షోలకి తిప్పుతుంటే ఆ బరువుకి ఫ్రేమ్ పగుళ్ళిచ్చింది. అతికినా నిలవలేదు. చివరికి కారు ముక్కలైపోయింది. తర్వాతెప్పుడో అభిమానులు పాత ఫోటోలు చూసి దాన్ని మళ్ళీ కట్టారు, రాత్ కట్టింది మాత్రం లేదు.

అదే కారు 1/25లో పగలదు. ఎందుకో ఫస్టియర్ లెక్కే చెబుతుంది. పొడవు 25 రెట్లు తగ్గితే ఫ్రేమ్ అడ్డకోత వైశాల్యం 625 రెట్లు తగ్గుతుంది, బరువు 15,625 రెట్లు తగ్గుతుంది. అంటే ఫ్రేమ్ మీద ఒత్తిడి 25వ వంతు. పైగా ఇంజన్ పోత ఇనుము కాదు, దానికంటే దాదాపు ఏడు రెట్లు తేలికైన పాలీస్టైరిన్, అదీ లోపల బోలు. ఏ ఫిజిక్స్ క్లాసులో కారు లేదని రాత్ లేచిపోయాడో ఆ క్లాసులోనే ఈ లెక్క ఉంది. చదువు మానకుండా ఉంటే మిస్టీరియన్ నిలిచేదని కొందరంటారు. నేనైతే ఒప్పుకోను. ఆ లెక్క ముందే వేసినవాడు రెండో ఇంజన్ పెట్టేవాడే కాదు, అప్పుడు మిస్టీరియనే ఉండేది కాదు.

1964లో ఓర్బిట్రాన్ వచ్చింది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు హెడ్‌లైట్లు, మూడూ కలిస్తే తెల్లని వెలుగు రావాలని. కలర్ టీవీ సూత్రమే. ఆలోచన గొప్పదే, జనానికి మాత్రం పెద్దగా పట్టలేదు. క్రోమ్ చేసిన ఇంజన్‌ని బానెట్ కింద దాచెయ్యడమే తప్పని తర్వాత రాత్ తేల్చుకున్నాడు.

ఆ రోజుల్లోనే ఆయన చేసిన ఒక పని నాకు అస్సలు మింగుడుపడదు. జర్మన్ సైనికుల శిలువ పతకాల్లాంటివీ, వాళ్ళ హెల్మెట్లలాంటివీ సర్ఫింగ్ కుర్రాళ్ళకి ఫ్యాషన్‌గా అమ్మాడు. యుద్ధం అయిపోయి ఇరవై ఏళ్ళే. పెద్దవాళ్ళని రెచ్చగొట్టడమే ఆయన వ్యాపారం, నిజమే. కానీ ఎలుక బొమ్మతో రెచ్చగొట్టడం వేరు, ఇది వేరు. రాత్ అభిమానుల్లో చాలామంది ఈ సంగతి దాటేస్తారు. బొమ్మలన్నీ ఆయన చేతివే అన్నట్టు రాయడం కూడా సరికాదు. ఎడ్ న్యూటన్, రాబర్ట్ విలియమ్స్ లాంటి చిత్రకారులు ఆ స్టూడియోలో పనిచేశారు.

తర్వాత మనసు మోటార్‌సైకిళ్ళ మీదకి మళ్ళింది. బైకర్ గ్యాంగుల వాళ్ళతో తిరిగాడు, 1967లో చాపర్స్ అనే పత్రిక పెట్టాడు. పిల్లల బొమ్మలు అమ్మే రెవెల్‌కి ఆ స్నేహాలు నచ్చలేదు, ఒప్పందం తెంపేసింది. సెంట్లు ఆగిపోయాయి. 1970లో దుకాణం మూసేసి, కార్లు వచ్చిన ధరకి ఇచ్చేశాడు. ఒకప్పుడు లక్షల డబ్బాల మీద పేరున్న మనిషి నాట్స్ బెర్రీ ఫామ్ అనే వినోదాల పార్కులో సైన్‌బోర్డులు రాసే ఉద్యోగంలో చేరి, ఏళ్ళ తరబడి చేశాడు. 1974లో మార్మన్ మతం తీసుకున్నాడు. అప్పుడప్పుడూ ఫోక్స్‌వ్యాగన్ ఇంజన్లతో మూడు చక్రాల బళ్ళు కట్టుకునేవాడు. ఆఖరి రోజుల్లో యూటా రాష్ట్రంలో మాంటై అనే చిన్న ఊళ్ళో ఉన్నాడు. 2001 ఏప్రిల్ 4న, 69వ ఏట, తన వర్క్‌షాపులోనే పోయాడు. మనలో చాలామంది అప్పటికి పుట్టలేదు.

బీట్‌నిక్ బాండిట్ ఇప్పుడు నెవాడాలో రీనో మ్యూజియంలో ఉంది. 1968లో హాట్ వీల్స్ మొదటిసారి దించిన 16 కార్లలో అదీ ఒకటి, కాబట్టి చిన్నప్పుడు మీ చేతిలోంచి కూడా జారి మంచం కిందికి పోయి ఉండొచ్చు. ఓర్బిట్రాన్ మాత్రం చాలా ఏళ్ళు కనబడకుండా పోయింది. 2007లో మెక్సికోలో, సరిహద్దు ఊరు హ్వారెజ్‌లో, ఒక కొట్టు ముందు ఎండకి ఎండి వానకి తడుస్తూ దొరికింది. ముందు భాగం ఊడిపోయి ఉంది. దాన్ని తెచ్చి బాగుచేశారు. ఈసారి కూడా ఇంజన్ బానెట్ కిందే ఉంచారు.