బ్యాచ్ తప్పినా ఇంజిన్ ఆగలేదు

ఉప్పల్, నాచారం షెడ్లలో పాత పికప్‌కి డీజిల్ ఇంజిన్ మార్చేటప్పుడు రోజూ పలికే ఆ పేరు ఓ మనిషిది. రుడాల్ఫ్ డీజిల్.

1858లో పారిస్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు జర్మన్లు కావడంతో 1870 యుద్ధంలో ఊరు వదిలారు. పన్నెండేళ్లకే ఆగ్స్‌బర్గ్‌లో బంధువుల ఇంట్లో ఉండి చదువుకున్నాడు. మ్యూనిక్‌లో ఫైనల్ పరీక్షల టైమ్‌కి టైఫాయిడ్. తోటివాళ్లు పాసై వెళ్లిపోయారు. మనోడు ఖాళీగా కూర్చోలేదు. స్విట్జర్లాండ్‌లోని సుల్జర్ ఫ్యాక్టరీలో పని నేర్చుకుని, 1880లో పరీక్ష రాసి మంచి మార్కులతో బయటపడ్డాడు.

ఆవిరి యంత్రాలు ఇంధనంలో చాలా భాగం వృథా చేస్తాయని క్లాసులో విన్న మాట అతణ్ని వదల్లేదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే ఇంధనం అంటుకోవాలి, స్పార్క్ అక్కర్లేదు అన్నది అతని ఆలోచన. 1893లో మొదటి ఇంజిన్ సొంతంగా తిరగలేదు. మార్పులు చేస్తూ పోతే నాలుగేళ్లు పట్టింది. 1897లో సామర్థ్యం 26 శాతం దాటింది.

డబ్బొచ్చింది. కానీ పెట్టుబడులు దెబ్బకొట్టి అప్పులు మిగిల్చాయి. 1913 సెప్టెంబరు 29 రాత్రి ఇంగ్లండ్ వెళ్తున్న ఓడలోంచి మాయమయ్యాడు. ఎలా చనిపోయాడో నేటికీ తేలలేదు. రోడ్ల మీద డీజిల్ లారీలు తిరగడం చూడనేలేదు.

ఇంజిన్ లెక్క తెలిసినవాడికి డబ్బు లెక్క తప్పింది. జాబ్ వెతుక్కునే మనం రెండూ నేర్చుకోవాలి. బ్యాక్‌లాగ్ ఉందా? ఈలోపు ఏదైనా షెడ్‌లో పని నేర్చుకోండి. డీజిల్‌కి స్పార్క్ ప్లగ్ ఎందుకుండదని ఇంటర్వ్యూలో అడిగితే, చేత్తో విప్పి చూసినవాడు తడుముకోడు.