దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్ (1905–1986)

మహారాష్ట్రలోని డహాణులో పుట్టిన కాప్రేకర్ 1930 నుండి 1962 వరకు నాసిక్ దగ్గరి దేవ్‌లాలీలో బడిపంతులుగా పనిచేశారు. ఆయనకు పరిశోధన పట్టా లేదు. అందువల్ల ఆయన కనుగొన్న విషయాలను పలువురు గణితజ్ఞులు తేలికగా తీసుకొన్నారు. అయినా ఆయన సంఖ్యలను వదలలేదు.

మీరు 142857 తీసుకోండి. దాని వర్గం 20408122449. కుడివైపు ఆరంకెలను విడదీసి, మిగిలిన భాగానికి కూడండి:

20408 + 122449 = 142857

మొదటి సంఖ్యే తిరిగి వచ్చింది! ఇటువంటివి కాప్రేకర్ సంఖ్యలు.

ఇప్పుడు దాని అంకెలను కూడండి, 27 వస్తుంది. 142857ను 27 నిశ్శేషంగా భాగిస్తుంది, భాగఫలం 5291. ఇటువంటి సంఖ్యలకు ఆయన 'హర్షద' సంఖ్యలని పేరు పెట్టారు. అంటే ఆనందాన్నిచ్చేవి.

1975లో మార్టిన్ గార్డ్‌నర్ ఒక అమెరికా పత్రికలో రాశాక ఆయన పేరు ప్రపంచానికి తెలిసింది. అప్పటికి ఆయన వయస్సు 70 ఏళ్ళు.

చేసి చూడండి: 45 పై రెండు రకాలకూ చెందుతుందా?